మాస్టారి గ్రహాన్ని ఎండబెట్టిన రోజు

తుఫానులు ఊళ్ళని పాడుచేస్తాయి. ఉప్పెనలు పొలాల్ని పాడుచేస్తాయి. మా కోనసీమలో ఇవన్నీ అందరికీ అలవాటే. కానీ ఒక మనిషి, అందులోనూ బీయస్సీ ఫిజిక్సు పాసైనవాడు, భుజాన తుండుగుడ్డ, చేతిలో స్క్రూడ్రైవరు తప్ప వేరే ఆయుధం లేనివాడు, ఒక పూటలో ఒక గ్రహాన్ని సర్వనాశనం చెయ్యడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషిని నేనే. ఆ గ్రహం మా ఏసుపాదం మాస్టారిది.

మాస్టారు రాజోలు దగ్గర మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పాఠం ముందుకి సాగని మధ్యాహ్నాల్లో పుస్తకం మూసేసి, కిటికీలోంచి కొబ్బరి చెట్ల మీదుగా ఎటో చూస్తూ, మద్రాసులో చదువుకునే రోజుల్లో తాను చూసిన సినిమా కథ చెప్పేవారు. ఇంగ్లీషు సినిమా, నలుపూ తెలుపూ. ఒకడు రాకెట్టులో ఎక్కడో దూరపు గ్రహం మీద దిగుతాడు. రాకెట్టు చెడిపోతుంది. అక్కడ ఎప్పుడూ వానే. ఒక గాజు గది కట్టుకుని అందులో ఒంటరిగా ఉంటాడు. రోజూ సాయంత్రం దూరంగా ఒక దీపం కనబడుతుంది. ఎవరిదో తెలీదు. చివరికి ఉండబట్టలేక తలుపు తీసుకుని ఆ దీపం వైపు నడుస్తాడు.

అక్కడికొచ్చాక మాస్టారు ఆగిపోయేవారు. "తరవాతేమైందండీ?" అని మేం బెంచీల మీంచి లేచిపోయేవాళ్ళం.

"తెలీదురా. హాస్టలు గేటు వేసేస్తారని మధ్యలో లేచొచ్చేశాను. మర్నాడు వెళ్తే సినిమా మార్చేసేరు. ఆ గ్రహం మీద ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలీదు."

ఆ గేటు వేసిన వాచ్‌మన్‌ని మా స్కూలు స్కూలంతా తిట్టుకునేది. ఏ క్లాసుకి ఆ క్లాసు ఒక ముగింపు కట్టేది. మా క్లాసులో ఒకడు ఆ దీపం రొయ్యలు పట్టేవాళ్ళదన్నాడు. నేను లేచి, అంత దూరంలో ఒంటరి దీపమంటే కల్లు దుకాణమే అయ్యుంటుందండీ అన్నాను. మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. ఈ బెంచీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

తరవాత నేను అమలాపురంలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, ఇంట్లో కూర్చుని పోస్టు ద్వారా రేడియో, టీవీ రిపేరు కోర్సు చేశాను. సర్టిఫికెట్టు పోస్టులో భద్రంగా వచ్చింది. తెలివి మాత్రం దార్లో ఏ స్టేషన్లోనో దిగిపోయింది. అయినా ఊళ్ళో నన్ను "ఇంజనీరు గారు" అనేవారు. వెటకారమని నాకు చాలా కాలం తెలీలేదు.

అప్పట్లో మా వైపు టీవీ అంటే చుక్కలే. వార్తలు చదివే ఆవిడ చుక్కల వెనకాల ఎక్కడో ఉండేది. ఎవరింట్లో బొమ్మ రాకపోయినా నన్ను పిలిచేవారు. నేను డాబా ఎక్కి యాంటెనా తిప్పేవాణ్ణి.

"వచ్చిందాండీ?"

"పోయిందండీ!"

"ఇప్పుడో?"

"ఆయ్, మనిషొచ్చేడండీ! తల రాలేదు!"

అలా తిప్పీ తిప్పీ తెర మీద తెల్ల చుక్క కనబడితే చాలు నాకు ఒళ్ళు మండిపోయేది. చుక్కలకీ నాకూ పాత పగలా అయిపోయింది వ్యవహారం. జరిగిన ఘోరానికి మూలం ఇదే.

ఓ రోజు మాస్టారు కబురు పెట్టారు. అప్పటికి ఆయన రిటైరై, కాలవ అవతల చర్చి పక్కన ఉండేవారు. వెళ్ళేసరికి వరండాలో ఒక వీడియో కేసెట్టు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చేత్తో నిమురుతూ కూర్చున్నారు.

"ఒరే సూరిబాబూ, గ్రేసు పంపిందిరా. అదే సినిమా!"

గ్రేసు ఆయన కూతురు. మస్కట్‌లో నర్సు. "ఏ సినిమా అండీ?" అన్నాను.

"నా బతుక్కి ఇంకో సినిమా ఉందేంట్రా!"

కేసెట్టు అందుకుని చూశాను. డబ్బా మీద గాజు గదీ, అందులో ఒక మనిషీ. కింద ఇంగ్లీషులో, పాత ఫిల్ముని గీతలూ మరకలూ లేకుండా శుభ్రం చేసి, ఇంట్లో చూసుకునేందుకు కొత్తగా తయారుచేసిన కాపీ అని రాసుంది.

"నాకు చూపు తగ్గిపోతోందిరా," అన్నారు మాస్టారు, వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా. "డాక్టరు గారు పెద్దగా ఆశలు పెట్టుకోవద్దన్నారు. ఉన్న చూపుతో ఆ దీపం ఎవరిదో చూసేస్తే చాలు. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం కలిసి చూద్దాం. ముందుగా నేను ఒక్క ముక్క కూడా చూడను. బొమ్మ బాగా వచ్చేలా చూసే పూచీ నీది."

"ఆయ్, ఆ సంగతి నాకొదిలెయ్యండి మాస్టారండీ," అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ చెవులు పట్టుకుని గుంజీలు తియ్యాలనిపిస్తుంది నాకు.

శనివారం పొద్దున్నే రాజోలు వీడియో షాపు నుంచి టీవీ, వీసీఆరు అద్దెకి తెచ్చి మా ఇంట్లో పెట్టి కేసెట్టు వేశాను. బొమ్మ చూసి నోరెళ్ళబెట్టాను. ఆ మనిషి చొక్కా గుండీలు, మెడ మీద చెమట, గాజు మీద వేలిముద్ర, అన్నీ కనబడుతున్నాయి. రాకెట్టు దిగింది. గాజు గది లేచింది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

అప్పుడు మొదలయ్యాయి చుక్కలు.

తెల్లటివి. పైనుంచి కిందకి, తొందరేమీ లేనట్టు, ఊగుతూ తూగుతూ దిగుతున్నాయి. గది చుట్టూ, ఆకాశం నిండా, ఎక్కడ చూసినా అవే. నిజం చెప్పాలంటే కాసేపు నేను వాటిని అలా చూస్తూ ఉండిపోయాను. మా పెరట్లో బూరుగు కాయలు పగిలినప్పుడు దూది గాల్లో తేలుతుందే, అలా ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. నాకు కళ్ళు మూతలు పడి, ఎవరో జోకొడుతున్నట్టు అనిపించింది. అంతలో నాలోని ఇంజనీరు ఉలిక్కిపడి లేచాడు.

"ఛఛ! ఇన్ని చుక్కలా!" అన్నాను.

"బాగానే ఉన్నాయి కదరా, ముగ్గు జల్లినట్టు," అంది అమ్మ.

"నీకు తెలీదమ్మా. ఇది పిక్చరు క్వాలిటీ. మాస్టారు ఆ గ్రహం మీద ఎప్పుడూ వానే అన్నారు. ఒక్క చినుకైనా కనబడుతోందా? వాన మొత్తం ఈ చుక్కల వెనకాల ఉండిపోయింది!"

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి. కానీ పుట్టి బుద్ధెరిగాక కొబ్బరాకుల మీంచి పడే వాన తప్ప ఆకాశంలోంచి ఇంకేదీ రాలడం చూడనివాణ్ణి. కాశ్మీరు పాటల్లో మంచు చూశావు కదా అంటారేమో. ఆ మంచు నేల మీద ఉంటుంది. హీరో దాన్ని ముద్దచేసి హీరోయిన్ మీద విసురుతాడు. అది నేలలోంచి ఊరుతుందో, గడ్డిలా మొలుస్తుందో మాకెవరు చెప్పారు? పైనుంచి అలా పువ్వుల్లా దిగుతుందని ఏ పాటలోనూ చూపించలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. చుక్కలు గాజు గది బయటే పడుతున్నాయి, లోపల ఒక్కటీ పడటం లేదు. ఈ సంగతి నా బుర్ర తలుపు తట్టింది కూడా. తట్టింది, ఎవరూ తియ్యకపోయేసరికి వెళ్ళిపోయింది.

ఇక చికిత్స మొదలుపెట్టాను. బొమ్మ సరిచేసే ట్రాకింగు బటను ఇటు తిప్పాను, అటు తిప్పాను. వీసీఆరు మూత తీసి, రీలుని చదివే హెడ్డుని స్పిరిట్‌తో తుడిచాను. టీవీకి రెండు తగిలించాను. చుక్కలు మాత్రం అంతే నిదానంగా దిగుతూనే ఉన్నాయి. అప్పుడు కేసెట్టు మూతెత్తి రీలుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, చూడాలనుకున్నది చూశాను. బూజు!

అదే సమయానికి మా నాన్న వచ్చారు. ఆయనది మలికిపురం వైపు ఎండుకొబ్బరి వ్యాపారం.

"ఏంట్రా దీనికి రోగం?"

"బూజు నాన్నా. రీలంతా పట్టేసింది. రేపు మాస్టారి దగ్గర నా పరువు పోతుంది."

"బూజైతే దిగులెందుకురా? తుడిచి ఎండలో పొయ్యి," అన్నారు నాన్న, కండువా దులుపుకుంటూ.

మా ఇంట్లో ఎండే పెద్ద డాక్టరు. కొబ్బరి చిప్పకి బూజు పడితే ఎండ. తలగడకి వాసనొస్తే ఎండ. ఉప్పెనలో తడిసిన నా మార్కుల కాగితాలకి ఎండ. మా తాతగారికి కీళ్ళనొప్పులొస్తే ఆయన్ని కూడా కుర్చీతో సహా తీసుకెళ్ళి కళ్ళంలో కొబ్బరి చిప్పల మధ్య పెట్టేవారు. కొబ్బరికి పనిచేసిన వైద్యం సినిమాకి మాత్రం ఎందుకు పనిచెయ్యదు అనుకున్నాను.

కేసెట్టు మరలు ఊడదీసి రీలు లాగాను. లాగుతున్నకొద్దీ వచ్చింది. ఒక సినిమా ఇంత పొడవుంటుందని నాకు అంతవరకు తెలీదు. తుండుకి స్పిరిట్ అద్ది తుడుచుకుంటూ, ఈ కొబ్బరి చెట్టు నుంచి ఆ కొబ్బరి చెట్టుకి, అక్కణ్ణించి పాక గుంజకి, పాక నుంచి మళ్ళీ చెట్టుకి, అలా కట్టుకుంటూ పోయాను. రాకెట్టు ఎగిరే చోటు మా నుయ్యి దగ్గర, గాజు గది పశువుల పాక దగ్గర, కథ చివర కాలవ గట్టు మీద వంగిన చెట్టు దగ్గర పడ్డాయి. గట్టు దగ్గర చెట్లయిపోయాయి. మిగిలిన ముక్కని కాలవకి అడ్డంగా అవతలి గట్టు మీది చెట్టుకి కట్టాను. ఎందుకు కట్టావని అడక్కండి. అక్కడ ఎండ బాగుంది.

పక్కింటి నూకరత్నం పిన్ని కంచె మీంచి తొంగిచూసింది.

"ఏంటి సూరిబాబూ, పెళ్ళిపందిరా?"

"సినిమా పిన్నీ. ఆరబెట్టేను."

"ఓహో. తడిసిందేటి?"

"తడవలేదు. బూజు."

పిన్ని కాసేపు ఆ నల్లటి తోరణాలకేసి చూసింది. తరవాత అమ్మని పిలిచి, "అక్కా, పిల్లాడికి తొందరగా పెళ్ళి చేసెయ్యండి," అని లోపలికెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎంత అందంగా ఉందో ఇప్పటికీ మర్చిపోలేను. చెట్ల మధ్య రీలు మెరుస్తోంది. సముద్రం మీంచి గాలొచ్చినప్పుడల్లా సన్నగా జుమ్మని పాడుతోంది. నీడలు నెమ్మదిగా కదులుతున్నాయి. నేను దాని కింద నులకమంచం వాల్చుకుని పడుకున్నాను, కాపలా కోసం. ఒక మనిషి ఒంటరితనమంతా, అతని ఆకాశమంతా నా మొహం మీద ఊగుతోంది కదా అనుకున్నాను. అలా అనుకుంటూ నిద్రపోయాను. కలలో నేనే ఆ గాజు గదిలో ఉన్నాను. తలుపు తీశాను. చుక్కలు నా చేతుల మీద వాలుతున్నాయి, చల్లగా. దూరంగా దీపం. నడుస్తున్నాను. దీపం దగ్గరికొస్తోంది, ఇంకా దగ్గరికి, అందులోంచి ఒక గొంతు వినబడింది.

"ఎవరండీ బాబూ కాలవకడ్డంగా ఇది కట్టింది!"

లేచి కూర్చున్నాను. కాలవలో కొబ్బరికాయల పడవ. దాని మీద పడవ నడిపే సత్తిరాజు, చేతిలో గెడ. ఆ గెడకి నా రీలు మూడు చుట్లు చుట్టుకుని ఉంది. పడవ ఆగదు, రీలు తెగదు. చెట్టుకి కట్టిన ముడులన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి.

"సత్తిరాజు గారూ! ఆపండీ! మాస్టారి సినిమా అండీ!" అంటూ గట్టు వెంబడి పరిగెత్తాను.

"ఆయ్, సినిమానా అండీ! ఏ హాల్లోనండీ?"

"హాల్లో కాదండీ, మీ గెడకుందండీ!"

ఆయన గెడ వంక చూసి హడలిపోయి, "ఓలమ్మో, పామేమో అనుకున్నానండీ!" అని ఒక్క విదిలింపు విదిల్చారు. పుటుక్కుమని తెగింది. సినిమా చివరి ముక్క పడవతో పాటే వెళ్ళిపోయింది. దాని ముందుది గుర్రపుడెక్క మీద పడి, నింపాదిగా నీళ్ళలో మునిగింది. నేను పంచెతో సహా దూకాను. దొరికినంత లాక్కుని ఒడ్డున కూలబడ్డాను. అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ దీపం ఎవరిదో చెప్పే ముక్క బోడసకుర్రు వైపు వెళ్ళిపోతోంది. ఆ హాస్టలు వాచ్‌మన్ తరవాత మాస్టారి ముందు గేటు వేసినవాణ్ణి నేనే.

చెప్పెయ్యాలనే అనుకున్నాను. సాయంత్రం మాస్టారి గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆయన ఇస్త్రీ చేసిన లాల్చీ వంకెకి తగిలించి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏరా, బొమ్మెలా ఉంది?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది నా నోరు. నన్నడక్కుండానే అంది.

ఇంటికొచ్చి తడి ముక్కని తుడిచి ఆరబెట్టి, పెన్సిలుతో తిప్పి తిప్పి చుట్టి, చివర సెల్లోటేపుతో అంటించాను.

ఆదివారం ప్రార్థన కాగానే మాస్టారి ఇల్లు నిండిపోయింది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. మా నాన్న, అమ్మ, నూకరత్నం పిన్ని, మాస్టారి పాత శిష్యులు, అంతా చాపల మీద కూర్చున్నారు. తెర ఎదురుగా కుర్చీలో మాస్టారు. పెళ్ళికొడుకు కూడా అంత కుదురుగా కూర్చోడు. నేను ప్రభువునీ, మా ఇలవేల్పునీ, ఇంకా ఖాళీగా ఉన్న దేవుళ్ళందర్నీ తలుచుకుని బటను నొక్కాను.

బొమ్మ వచ్చింది. అక్కడక్కడా ముడతలు పడి, ఆ మనిషి మొహం కొంచెం సాగి, కొంచెం కుంచించుకుపోయి, అయినా వచ్చింది. గాజు గది లేచింది. ఆ వెనకాలే చుక్కలు కూడా వచ్చాయి! తుడిచినా, ఎండబెట్టినా, కాలవలో ముంచినా ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. తడుముకుంటూ తెర దగ్గరికి వెళ్ళారు. తెరకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డారు.

"అబ్బ! ఎంత శుభ్రం చేసేర్రా! అప్పుడు హాల్లో అంతా మసకమసగ్గా చూసేను. ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతోందిరా!" అన్నారు.

"అవి చుక్కలండీ మాస్టారూ," అన్నాను, పీలగా.

"చుక్కలేంట్రా ఇంజనీరూ! మంచురా! ఆకాశంలోంచి పడే మంచు!"

"మరి వాన అన్నారు కదండీ క్లాసులో?"

ఆయన వెనక్కి తిరిగి నవ్వారు. "మీరెప్పుడైనా మంచు చూసేర్రా? నేను మాత్రం చూసేనా? మీకు తెలిసింది వానే కదా, అందుకని వాన అనేసేను."

నేను చాప మీద కూలబడ్డాను. భూమ్మీద ఎక్కడో ఎవరో తెలివైనవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కో మంచు రేకునీ తుడిచి మెరిపిస్తే, అది పోవడం లేదని నేను కొబ్బరిచెట్లకి కట్టానన్నమాట.

సినిమా ఆఖరికొచ్చింది. అతను తలుపు తీశాడు. మంచులోకి నడిచాడు. దూరంగా దీపం. గదిలో అందరూ తెర వైపు జరిగారు. నాకు మాత్రం తెలుసు, ఏ క్షణమైనా కాలవ ముక్క వస్తుందని. అతను ఇంకో అడుగు వేశాడు. దీపం మిణుకుమంది. మంచు దట్టమైంది, ఇంకా దట్టమైంది, తెరంతా తెల్లగా సుడులు తిరిగింది, జోరుమని హోరు మొదలైంది. మనిషి లేడు. దీపం లేదు. ఈసారి నిజంగానే చుక్కలు, మా ఊరి టీవీ చుక్కలు. వాటిని చూసి అందరూ మంచే అనుకున్నారు.

పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుంది. మాస్టారు ఆ వెలుగులో అలాగే నిలబడి, "కలిసిపోయేడన్నమాట," అన్నారు మెల్లిగా. "మంచులో కలిసిపోయేడు. దీపం ఎవరిదో తెలీనే లేదు." ఆయన మొహం ఎంత ప్రశాంతంగా ఉందంటే, నాకు నోరు విప్పాలనిపించలేదు.

అందరూ వెళ్ళిపోయాక వైర్లు చుడుతున్నాను. మాస్టారు కేసెట్టు తీసి, అలవాటుగా చేత్తో నిమిరి, ఆగిపోయారు. మూత సందులో వేలు పెట్టి ఏదో లాగారు. చూపు తగ్గిందేమో గానీ వేళ్ళకి ఏ లోటూ లేదు. దాన్ని వేలి కొన మీద పెట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా వైపు చాపారు. ఆకుపచ్చగా, సన్నగా, తడితడిగా ఒక పోగు.

"ఒరే సూరిబాబూ, ఆ గ్రహం మీద ఇంకెవరైనా ఉన్నారా లేదా అన్నదే కదరా ఇన్నేళ్ళ నా సందేహం?"

"ఆయ్," అన్నాను.

"ఉన్నారురా. నాచు ఉంది. వాసన చూస్తే మన రాజోలు కాలవ నాచుకి దగ్గర చుట్టంలా ఉంది."

నేను ఆయన కాళ్ళ మీద పడి మొత్తం చెప్పేశాను. ఎండ, గెడ, పడవ, అన్నీ. మాస్టారు మొదట్లో కోపంగానే విన్నారు. సత్తిరాజు పాము దగ్గరికొచ్చేసరికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చివరికి కళ్ళజోడు తీసేసి, నీళ్ళు కారేదాకా నవ్వారు. తరవాత వరండా వైపు వేలు చూపించి, "ఎక్కు," అన్నారు.

మీసాలొచ్చిన మనిషిని, డిగ్రీ ఉన్నవాణ్ణి, వీధిలో అందరూ చూస్తుండగా మాస్టారి వరండాలో బెంచీ ఎక్కి నిలబడ్డాను. తరవాత గ్రేసు ఇంకో కాపీ పంపిస్తానంటే మాస్టారు వద్దనేశారు. అంత మంచి మంచు ఎవరి దగ్గరా ఉండదన్నారు.

ఆ బెంచీ మీద నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, కొబ్బరిచెట్ల సాక్షిగా, కాలవ సాక్షిగా, వీధిలో ఆగి నవ్వుతున్న నూకరత్నం పిన్ని సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది: ఇకమీదట నాకు తెలియని ఆకాశంలోంచి ఏది రాలినా దాన్ని నేను తుడవను, ఎండలో వెయ్యను. తప్పనిసరై ఎప్పుడైనా ఒక గ్రహాన్ని ఆరబెట్టాల్సి వస్తే, ముందు కాలవలో పడవ వస్తోందేమో చూసుకుంటాను.